నేపథ్యానికి వెల కట్టిందెవరు? నారాయణగూడ – హిమాయత్‌నగర్ విద్యాసంస్థల చరిత్రలో భాష, కులం, జీవనగతి

వ్యాససంగ్రహం:

మనుషుల నడవడికీ, జీవనగతికీ వారి సాంస్కృతిక నేపథ్యమే మూలమన్న అభిప్రాయం సమాజశాస్త్రంలోనూ, నిత్యవ్యవహారంలోనూ బలంగా ఉంది. హైదరాబాదులోని నారాయణగూడ, హిమాయత్‌నగర్, చిక్కడపల్లి, అశోక్‌నగర్ ప్రాంతాలలోనూ వాటి పరిసరాలలోనూ నూరేళ్లకు పైగా వెలసిన పాఠశాలలు, వసతిగృహాలు, గ్రంథాలయాలు, అకాడమీల చరిత్ర ఆధారంగా ఈ వ్యాసం ఆ అభిప్రాయాన్ని పరీక్షిస్తుంది. ఒకే భాష, ఒకే పుట్టుక వేర్వేరు కాలాలలో వేర్వేరు ఫలితాలనిచ్చాయనీ, ఆ తేడాను బోధనా మాధ్యమం, ఉద్యోగ నియమాలు, పరీక్షా విధానం నిర్ణయించాయనీ ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: సాంస్కృతిక నేపథ్యం, బోధనా మాధ్యమం, ఆంధ్రోద్యమం, మాడపాటి హనుమంతరావు, భాగ్యరెడ్డి వర్మ, వసతిగృహాలు, తెలుగు అకాడమి, అశోక్‌నగర్.

1. ప్రస్తావన

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదన్న సామెతను పండితులు నేరుగా వాడరు గాని, దాని సారాన్ని మర్యాదగల పరిభాషలో తరచుగా చెబుతూనే ఉంటారు. ఒక వర్గం పిల్లలు చదువులో వెనుకబడితే ఇంట్లో చదువు వాతావరణం లేదంటారు. ఒక ప్రాంతంవారు ఉద్యోగాలలో తక్కువగా కనిపిస్తే వారికి చొరవ తక్కువంటారు. తరగతిలో నోరు విప్పని విద్యార్థి మౌనం అతని పెంపకానికి గుర్తవుతుంది. కళాశాలల అధ్యాపక గదులలో ఈ మాటలు కొత్తవి కావు.

సిద్ధాంత స్థాయిలోనూ ఈ ఆలోచనకు పెద్ద వంశవృక్షమే ఉంది. మాక్స్ వేబర్ 1904–05 నాటి వ్యాసాలలో ప్రొటెస్టెంటు మతనీతికీ, పెట్టుబడిదారీ ప్రవృత్తికీ సంబంధాన్ని చూపాడు. మెక్సికో కుటుంబాలపై 1959లో ఆస్కార్ లూయిస్ వెలువరించిన అధ్యయనం నుండి ‘పేదరికపు సంస్కృతి’ అన్న భావన ప్రచారంలోకి వచ్చింది. పేదరికం తన అలవాట్లను తానే పిల్లలకు అందిస్తుందని దాని సారాంశం. పియేర్ బోర్దియు, ప్యాసెరాన్‌లు 1970లో ప్రకటించిన గ్రంథం ఇంకొక మెట్టు పైకి వెళ్లింది. ఇంటినుండి వచ్చే భాష, అభిరుచి, నడవడి తమంతట తాము మూలధనం కావనీ, పాఠశాల వాటిని గుర్తించినప్పుడే మూలధనమవుతాయనీ వారు వాదించారు.

ఈ మూడింటిలో హైదరాబాదు చరిత్రకు ఎక్కువగా అక్కరకు వచ్చేది మూడవది. అయితే బోర్దియు చూసిన ఫ్రాన్సులో పాఠశాల కట్టే వెల తరాలు గడిచినా పెద్దగా మారలేదు. హైదరాబాదులో అది ఒక్క మనిషి జీవితకాలంలోనే తలకిందులై, మళ్లీ తలకిందులైంది. 1900 ప్రాంతంలో పుట్టి డెబ్బై ఏళ్లు బతికిన నగరవాసి ఉర్దూ ఏలుబడిని చూశాడు, ఆంగ్లం రాకను చూశాడు, తెలుగు అధికార భాష కావడాన్నీ చూశాడు. ఆ మనిషి నేపథ్యం మాత్రం మొదటినుండి చివరిదాకా అదే. కాబట్టి నేపథ్యాన్నీ ఫలితాన్నీ విడదీసి చూడడానికి ఇంతకన్న అనువైన చోటు తెలుగునాట మరొకటి దొరకడం కష్టం. పైగా ఈ మార్పులకు సాక్ష్యంగా నిలిచిన కట్టడాలు చాలావరకు ఒకదానికొకటి నడిచి వెళ్లగలిగేంత దగ్గరలో ఉన్నాయి.

2. 1921 నవంబరు సభ

నిజాం రాజ్యంలో తెలుగు మాట్లాడేవారు జనాభాలో దాదాపు సగం. మరాఠీ వారు సుమారు నాలుగోవంతు. కన్నడం, ఉర్దూ మాట్లాడేవారు చెరొక పదోవంతుకు కాస్త అటూ ఇటూ. 1880లలో పారశీకం స్థానంలో ఉర్దూ పాలనాభాష అయింది. 1917 ఫర్మానాతో రూపుదిద్దుకొని, 1919లో తరగతులు ప్రారంభించిన ఉస్మానియా విశ్వవిద్యాలయం బోధన మొత్తాన్నీ ఉర్దూలో సాగించింది. వలస పాలన కాలంలో ఒక భారతీయ భాషను విజ్ఞానశాస్త్రాలు, వైద్యం, న్యాయం బోధించే స్థాయికి తీసుకుపోయిన ఆ ప్రయత్నం సామాన్యమైనది కాదు. దానికోసం దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ ఏర్పడి, వందల కొద్దీ పాఠ్యగ్రంథాలను ఉర్దూలోకి తెచ్చింది. తెలుగు చరిత్రకారులు ఈ ఘనతను చెప్పడానికి కొంత వెనుకాడుతూ వచ్చారు, అది న్యాయం కాదు. కాని రాజ్యంలోని పదిమంది పిల్లలలో తొమ్మిదిమందికి ఆ భాష ఇంటి భాష కాదన్నది కూడా అంతే నిజం.

ఈ పరిస్థితి మనుషుల నడవడిని ఎలా మలచిందో 1921 నవంబరు 12న హైదరాబాదు వివేకవర్ధని ప్రాంగణంలో జరిగిన సంఘసంస్కరణ సభ చూపుతుంది. సభకు అధ్యక్షులు మహర్షి ధోండో కేశవ కార్వే. వక్తలు ఆంగ్లంలో, ఉర్దూలో, మరాఠీలో మాట్లాడారు. న్యాయవాది ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మొదలుపెట్టగానే సభలో గేలి, అల్లరి లేచాయి. ఆయన ప్రసంగం సాగలేదు. అవమానపడిన తెలుగువారు బయటకు వచ్చి, ఆ రాత్రే టేకుమాల రంగారావు ఇంట సమావేశమై ఆంధ్ర జనసంఘాన్ని ఏర్పరచుకున్నారు. మాడపాటి హనుమంతరావు తన ‘తెలంగాణా ఆంధ్రోద్యమము’లో ఉద్యమ చరిత్రకు ఈ ఘట్టాన్ని కీలకంగా నిలిపారు. నాటి వాడుకలో ‘ఆంధ్ర’ అంటే తెలుగు అనే అర్థం. తర్వాతి దశాబ్దాలలో ఆ మాటకు పట్టిన గతిని బట్టి నాటి సంస్థల పేర్లను అంచనా వేయడం పొరపాటు.

ఈ ఘట్టాన్ని సాధారణంగా ఆత్మగౌరవ గాథగా చదువుతారు. ప్రస్తుత విషయానికి సంబంధించి దీనిలో మరొక కోణం ఉంది. ఆ సభలో కూర్చున్న తెలుగువారు నిరుపేదలు కారు. వారిలో వకీళ్లున్నారు, వ్యాపారులున్నారు, భూవసతి గలవారున్నారు. ఇంట్లో చదువు, పుస్తకాలు, సంప్రదాయ పాండిత్యం ఉన్న కుటుంబాలు వారివి. సంస్కృతిని ఒక సంపదగా లెక్కిస్తే వారికి కొరత లేదు. అయినా బహిరంగ సభలో తమ భాష వినిపించగానే నవ్వు లేచింది. కచేరీలో పనికిరాని భాషకు సభలోనూ గౌరవం ఉండదన్న సంగతి చదువుకున్న ప్రతివాడికీ లోపల తెలుసు. పట్టణాలలో తెలుగువారు తమలో తాము సైతం ఉర్దూలో మాట్లాడుకోవడం నాటి ఉద్యమ నాయకులను బాధించిన విషయం. దానిని స్వభాషాభిమానం లేకపోవడంగా వారు నిందించారు. చరిత్ర దృష్టితో చూస్తే అది లోపం కన్నా లెక్క అనిపిస్తుంది. ఏ భాషకు కొలువు ఉందో ఆ భాషను మనుషులు నోట పెట్టుకున్నారు.

తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 354 మంది కవులతో 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చిన సంగతి అందరికీ తెలిసినదే. ఆ కవులు ఆ మాటకు ముందూ ఉన్నారు, తర్వాతా ఉన్నారు. వారిని లెక్కలోకి తీసుకునే పుస్తకం మాత్రం అప్పటిదాకా లేదు.

3. నారాయణగూడ బాలికల పాఠశాల

1928లో మాడపాటి హనుమంతరావు తన సహచరులతో కలిసి నారాయణగూడలో తెలుగు మాధ్యమంలో బాలికల పాఠశాలను నెలకొల్పారు. నేడు అది ఆయన పేరుతోనే ఉంది. ఆ పాఠశాల ఎదుర్కొన్న తొలి చిక్కు డబ్బు కన్నా గుర్తింపు. తెలుగులో చదివిన బాలికకు ఉన్నత పాఠశాల యోగ్యతాపత్రం ఇవ్వడానికి ఉస్మానియా పద్ధతిలో చోటు లేదు. నిర్వాహకులు పూనా వైపు చూశారు. అక్కడ 1916లో మొదలైన మహిళా విశ్వవిద్యాలయం మాతృభాషలో బోధనను మూలసూత్రంగా పెట్టుకుంది. నారాయణగూడ బాలికల చదువుకు దానినుండి గుర్తింపు లభించింది. ఆ విశ్వవిద్యాలయ స్థాపకులు కార్వే. ఏడేళ్ల క్రితం ఏ సభలో తెలుగు నవ్వులపాలైందో ఆ సభకు అధ్యక్షత వహించినవారే.

ఈ యాదృచ్ఛికత ఆసక్తికరమైనదే గాని, దానికన్న లోతైన ప్రశ్న ఒకటుంది. తెలుగు మాధ్యమంలో ఉన్నత పాఠశాల బాలికలకే ముందుగా ఎందుకు సాధ్యపడింది? బాలుడి చదువు కొలువుతో ముడిపడి ఉంది. కొలువు ఉర్దూతో ముడిపడి ఉంది. తెలుగులో చదివించి కొడుకు బతుకుతెరువును పణంగా పెట్టడానికి, ఎంత అభిమానమున్నా, నాటి తండ్రులు సిద్ధపడి ఉండరు. ఆడపిల్ల కొలువు చేస్తుందని ఎవరూ అనుకోలేదు. అందుచేత ఆమె చదువును మాతృభాషలో సాగించడానికి అడ్డులేకపోయింది. స్త్రీని ఉద్యోగ వ్యవస్థకు వెలుపల ఉంచిన కట్టుబాటే, తెలుగు మాధ్యమ ప్రయోగానికి చోటు కల్పించిందని ఊహించడం అసమంజసం కాదు. ఆ చదువుతో బయటికి వచ్చిన బాలికలలో కొందరైనా ఉపాధ్యాయినులుగా, సంఘసేవకులుగా తమ దారిని తాము వేసుకుని ఉంటారు. ఒక అణచివేతకు ఇటువంటి పార్శ్వఫలం ఉండడం చరిత్రలో అరుదు కాదు. అంతమాత్రాన అణచివేత మెచ్చుకోదగినది కాబోదు.

అటువంటి పాఠశాల అందుబాటులో లేని తెలంగాణ బాలిక ఎంత దూరం పోవలసి వచ్చేదో సంగం లక్ష్మీబాయి జీవితం చెబుతుంది. 1911లో పుట్టిన ఆమె చదువుకోసం గుంటూరులో ఉన్నవ లక్ష్మీనారాయణ స్థాపించిన శారదా నికేతనానికి వెళ్లారు. తర్వాత మూడు పర్యాయాలు లోక్‌సభకు ఎన్నికయ్యారు.

మాడపాటి విషయంలో ఒక సంగతిని విస్మరించరాదు. తెలుగు పాఠశాల కోసం పాటుపడిన ఆయన ఉర్దూ, పారశీకాలలో దిట్ట. ప్రేమ్‌చంద్ కథలను తెలుగులోకి తెచ్చారు. ‘ముషీరే దక్కన్’ ఉర్దూ పత్రికకు రాశారు. ఆయన న్యాయవాద వృత్తి సాగింది ఉర్దూ న్యాయస్థానాలలో. నిజాం ప్రభుత్వంతో ఓర్పుగా వ్యవహరించగలిగిన ఆయన మితవాద నడవడికి ఈ ద్విభాషా పాండిత్యం ఒక ఆధారం. 1951లో హైదరాబాదు మేయరు, 1958లో ఆంధ్రప్రదేశ్ శాసనమండలి తొలి అధ్యక్షులు అయ్యారు. ఏలుబడి భాష మారినా నష్టపోని కొద్దిమందిలో ఆయన ఒకరు. రెండు భాషల ఒడ్డున నిలబడ్డవారికి వరద ఎటు వచ్చినా ముప్పు తక్కువ.

4. వసతిగృహం, కులం, వెలుపల మిగిలినవారు

భాష తర్వాత వసతి. జిల్లాలనుండి నగరానికి వచ్చిన విద్యార్థికి గది అద్దెకు దొరకడం కులాన్ని బట్టి ఉండేది, భోజనం దొరకడం మరింతగా కులాన్ని బట్టి ఉండేది. 1918లో ఏర్పడిన రెడ్డి హాస్టలు ఈ అవసరంనుండి పుట్టింది. సంస్థానాధీశుల, దేశ్‌ముఖుల విరాళాలు, తర్వాత 1920నుండి నగర కొత్వాలుగా పనిచేసిన రాజబహద్దూర్ వెంకటరామారెడ్డి పలుకుబడి దానికి అండ. సురవరం ప్రతాపరెడ్డి దాని నిర్వహణ చూశారు. అక్కడి గ్రంథాలయం, చర్చలు, పత్రికలు కలిసి ఒక తరం రాజకీయ నాయకులను, రచయితలను తయారుచేశాయి. వెంకటరామారెడ్డి పేరుతోనే 1954లో నారాయణగూడలో మహిళా కళాశాల వెలసింది. అంతకుముందే, 1940లో, ఆర్యసమాజీయులు న్యాయమూర్తి కేశవరావు కోరట్కర్ స్మారకంగా హిందీ మాధ్యమంలో పాఠశాలను ఇక్కడే నెలకొల్పారు. హిమాయత్‌నగర్‌లోని గౌడ హాస్టలు వంటివి వెనుకబడిన కులాలవారు అదే నమూనాను అందిపుచ్చుకున్న తీరుకు ఉదాహరణలు.

రెడ్డి హాస్టలు చేసిన పనిని ‘చదువు సంస్కృతి’ని అందించడంగా చెప్పుకోవచ్చు. కాని ఆ యువకులలో చాలామంది వచ్చినది చదువు కన్నా భూమిని నమ్ముకున్న కుటుంబాలనుండి. చదువు అలవాటు వారికి ఇంటినుండి రాలేదు. వార్తాపత్రిక చదివే బల్ల, రాత్రి దీపం, తోటివారి పోటీ, పెద్దల పరిచయం అనే నాలుగింటి నుండి వచ్చింది. అంటే ఒక తరంలో ‘నేపథ్యం’ మారిపోయింది. మార్చడానికి కావలసిన ధనం, అధికారబలం ఆ వర్గం దగ్గర అప్పటికే ఉన్నాయి.

అవి లేనివారి సంగతి ఏమిటి? ఈ ప్రశ్నకు భాగ్యరెడ్డి వర్మ కృషి జవాబు చెబుతుంది. 1888లో మాదరి భాగయ్యగా జన్మించిన ఆయన 1906లో జగన్మిత్ర మండలిని స్థాపించారు. 1910లో ఇసామియా బజార్‌లోనూ, నారాయణగూడ చేరువలోని లింగంపల్లిలోనూ అంటరానివారిగా చూడబడిన కులాల పిల్లలకు పాఠశాలలు తెరిచారు. రెండు దశాబ్దాలలో అవి పాతికకు పెరిగాయి. వాటిలో చదివిన పిల్లలు సుమారు రెండున్నర వేలు. రెడ్డి హాస్టలుకు ఎనిమిదేళ్ల ముందే మొదలైన ఈ ప్రయత్నానికి విద్యాచరిత్రలో దక్కిన చోటు చిన్నది. సంస్థానాధీశుల విరాళాలూ, కొత్వాలు పలుకుబడీ లేకుండా సాగిన పని అది.

వర్మ రచనలను, ప్రసంగాలను పరిశీలిస్తే ప్రస్తుత చర్చకు అవసరమైన ఒక జంట వ్యూహం కనిపిస్తుంది. ఒకవైపు ఆయన మద్యపాన నిషేధాన్ని, మాంసాహార విసర్జనను, జోగిని ఆచార నిర్మూలనను ప్రచారం చేశారు. అంటే అలవాట్లు మారితే బతుకు మారుతుందని నమ్మిన సంస్కర్తల బాట అది. మరొకవైపు 1917లో బెజవాడలో ‘పంచమ’ సభగా పిలువబడిన సమావేశానికి అధ్యక్షత వహించి, దానిని ‘ఆది ఆంధ్ర’ సభగా మార్చారు. ఈ దేశపు తొలి నివాసులం మేమే, పంచములం కాము అన్నది ఆ పేరులోని వాదం. హైదరాబాదులో ‘ఆది హిందూ’ అన్న పేరు 1931 జనగణనలో అధికారికంగా నమోదైంది. మొదటి వ్యూహం తన జనం నడవడిని మార్చబూనింది. రెండవది వారి నేపథ్యానికి లోకం కట్టిన వెలనే సవాలు చేసింది. తర్వాతి చరిత్రలో ఎక్కువ కాలం నిలిచినది రెండవదే. తాగుడు మాన్పించిన సంఘాలు మాసిపోయాయి గాని, జనగణన పట్టికలో చేరిన పేరు హక్కుల భాషకు పునాది అయింది.

5. 1948 తర్వాత తిరగబడిన లెక్క

1948 సెప్టెంబరులో నిజాం పాలన ముగిసింది. కొద్దికాలంలోనే ఉస్మానియాలో ఉర్దూ స్థానాన్ని ఆంగ్లం ఆక్రమించింది. కచేరీలలో ఉర్దూ వెనక్కి తగ్గింది. ముప్ఫై ఏళ్లపాటు కొలువుకు తాళంచెవిగా ఉన్న ఉర్దూ పట్టా ఒక్కసారిగా విలువ కోల్పోయింది. నష్టపోయినవారిలో ముస్లింలు ఎక్కువ. ఉర్దూనే ఇంటి భాషగా, వృత్తి భాషగా చేసుకున్న కాయస్థులూ ఉన్నారు. ఉర్దూలో చదివి పట్టభద్రులైన తెలుగువారూ ఉన్నారు. నిన్నటిదాకా ‘నాగరికత’గా చలామణి అయిన మాటతీరు, అదబు, తెహజీబు రాత్రికి రాత్రి ‘వెనుకబాటు’ జాబితాలోకి జారాయి. ఆ కుటుంబాల సంస్కృతిలో ఆ ఏడాదిలో ఏ మార్పూ రాలేదు.

హిమాయత్‌నగర్ ఇక్కడ ప్రధానంగా ప్రస్తావనార్హం. ఏడవ నిజాం పెద్ద కుమారుడు హిమాయత్ అలీ ఖాన్ పేరును మోస్తున్న ఈ పేటలోనే అంజుమన్ తరఖ్ఖీ ఉర్దూ కృషితో ఉర్దూ హాలు నిర్మితమైంది. ఉర్దూ మాధ్యమంలో పట్టా చదువు కోసం సాయంకాల కళాశాల వెలసింది. ప్రభుత్వం ఆదరించని భాషలో చదువుకునేవారికి సమాజమే విరాళాలతో ఆశ్రయం కల్పించడం అనే ఈ నమూనా నారాయణగూడ బాలికల పాఠశాల నమూనానే. మైలు దూరంలో, పాతికేళ్ల తేడాతో, రెండు భాషల వారు తమ వంతు వచ్చినప్పుడు ఒకే పని చేశారు. ఉర్దూ వారికి తెలుగువారి ఓపిక, తెలుగువారికి ఉర్దూ వారి ఓపిక తెలిసి ఉంటే రెండు చరిత్రలూ ఇంత విడివిడిగా రాయబడి ఉండేవి కావేమో.

ఆంగ్లం, తెలుగు రెండూ తెలిసిన కోస్తా జిల్లాలవారికి ఈ మార్పు అవకాశమైంది. మద్రాసు రాష్ట్రపు ఆంగ్ల విద్య వారి పెట్టుబడి. 1919 నాటి ముల్కీ నిబంధనలు ఉన్నా, బయటివారి నియామకాలు పెరిగాయన్న ఆగ్రహం 1952 సెప్టెంబరులో నగర వీధుల్లోకి వచ్చింది. సిటీ కాలేజీ దగ్గర కాల్పులు జరిగాయి, విచారణకు జస్టిస్ జగన్‌మోహన్‌రెడ్డి కమిషన్ ఏర్పడింది. 1956లో ఆంధ్రప్రదేశ్ అవతరించాక చిక్కడపల్లి, హిమాయత్‌నగర్, నారాయణగూడలలో కోస్తా, రాయలసీమ జిల్లాల ఉద్యోగ కుటుంబాలు పెద్దసంఖ్యలో స్థిరపడ్డాయి. చిక్కడపల్లి త్యాగరాయ గానసభ వారి సాంస్కృతిక జీవితానికి ఒక కేంద్రమైంది.

అప్పుడు 1921 నాటి నవ్వు కొత్త చోటునుండి వినిపించింది. ఈసారి నవ్వింది తెలుగువారే. ఉర్దూ మాటలు కలిసిన తెలంగాణ తెలుగు తరగతి గదిలో, ఆకాశవాణిలో, చలనచిత్రంలో ‘తప్పు తెలుగు’గా, హాస్యానికి సరుకుగా మారింది. ‘తరీఖ’, ‘దవాఖాన’, ‘జల్ది’ అనే విద్యార్థిని సరిదిద్దిన ఉపాధ్యాయుడు తాను వాడే ‘కలెక్టరు’, ‘రైలు’, ‘స్కూలు’లను గమనించలేదు. ఉర్దూనుండి వచ్చిన మాట మలినం, ఆంగ్లంనుండి వచ్చిన మాట ఆధునికం అయింది. సరిగ్గా 1969లో, తెలంగాణ ఉద్యమం నగరాన్ని కుదిపేస్తున్న ఏడాదే, అమెరికాలో విలియం లెబావ్ నల్లజాతి పిల్లల ఆంగ్లంపై తన ప్రసిద్ధ వ్యాసాన్ని వెలువరించాడు. పరీక్షకుని ఎదుట మూగబోయే పిల్లవాడు తన వీధిలో గొప్ప తార్కికుడని, మౌనం భాషాలోపం కాదని, ఆ పరిస్థితికి అది తగిన ప్రతిస్పందన అని అతడు నిరూపించాడు. తెలంగాణ జిల్లాల విద్యార్థుల ‘బెరుకు’ గురించి దశాబ్దాలపాటు సాగిన వ్యాఖ్యానాలకు ఈ పరిశీలన చాలావరకు వర్తిస్తుంది. కాళోజీ జయంతి సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా పాటించడం 2014లో రాష్ట్రం ఏర్పడిన తర్వాత గాని సాధ్యపడలేదు.

6. తెలుగు అకాడమి: మాతృభాష ఎవరి మాతృభాష?

1966లో అధికార భాషా చట్టం వచ్చింది. 1968లో పి.వి. నరసింహారావు అధ్యక్షులుగా తెలుగు అకాడమి ఏర్పడింది. దాని నెలవు హిమాయత్‌నగర్. ఉన్నత విద్యను తెలుగులో అందించడానికి పాఠ్యగ్రంథాలు, పారిభాషిక పదకోశాలు తయారుచేయడం దాని పని. అర్ధశతాబ్దం ముందు దారుల్ తర్జుమా ఉర్దూకు చేసిన పనినే అది తెలుగుకు చేసింది. లక్షలాది గ్రామీణ విద్యార్థులకు ఇంటర్మీడియట్, డిగ్రీ చదువులు దాని పుస్తకాల వల్లనే అందాయి. ఈ ప్రయోజనాన్ని తక్కువ చేయరాదు.

రెండు సంస్థలదీ ఒకే ఇబ్బంది. దారుల్ తర్జుమా అరబ్బీ, పారశీక ధాతువులతో పదాలు నిర్మించింది. తెలుగు అకాడమి సంస్కృత ధాతువులతో నిర్మించింది. ‘కిరణజన్య సంయోగక్రియ’ పాలమూరు రైతుబిడ్డకు ఆంగ్ల పదమంత దూరమే. ఆ పదం నేర్చుకోవడంలో అగ్రవర్ణపు ఇంటి పిల్లవాడికి కొంత వెసులుబాటు ఉంది. అతని ఇంట్లో సంస్కృత సమాసాలు చెవిన పడతాయి. చిత్రమేమంటే, భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లోనే మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలతో వెలువడింది. రైతు నాగలిలోని ప్రతి భాగానికీ, పైరు పెరిగే ప్రతి దశకూ జిల్లా జిల్లాకూ ఉన్న పేర్లు అందులో ఉన్నాయి. వృక్షశాస్త్ర పాఠ్యపుస్తకం ఆ సంపదను పెద్దగా అందుకోలేదు. మాతృభాషలో చదువు అన్న నినాదం గెలిచింది గాని, ఏ తల్లి భాష అన్న ప్రశ్న పక్కకు పోయింది.

7. అశోక్‌నగర్ పఠన మందిరాలు

ఈ చరిత్ర తాజా అధ్యాయం చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం చుట్టూ, పక్కనే ఉన్న అశోక్‌నగర్ సందులలో నడుస్తున్నది. తెల్లవారకముందే గ్రంథాలయం గేటు దగ్గర నిరుద్యోగులు చేరతారు. లోపల చోటు చాలక చెట్ల కింద కుర్చీలు వేసుకుని చదివేవారున్నారు. ఆదిలాబాదు, ఖమ్మం, నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెలనుండి వచ్చి, ఇరుకు గదుల్లో నలుగురైదుగురు కలిసి ఉంటూ, ఐదు రూపాయల భోజనంతో పూట గడుపుతూ ఏళ్ల తరబడి గ్రూప్స్ పరీక్షలకు సిద్ధమవుతున్న యువతీయువకులు వీరు. వీరిలో చాలామంది తమ ఇంట కళాశాల గడప తొక్కిన తొలితరం. చేతిలో ఉండేది తెలుగు అకాడమి పుస్తకం.

‘పేదరికపు సంస్కృతి’ సిద్ధాంతం ఈ జనాన్ని వివరించలేదు. రేపటిని గురించి ఆలోచించకపోవడం, తక్షణ సుఖానికి లోబడడం ఆ సంస్కృతి లక్షణాలని లూయిస్ రాశాడు. అశోక్‌నగర్ యువకుడు రేపటికోసమే తన ఇరవైలన్నీ పక్కన పెట్టాడు. అతనికి ఓర్పు, క్రమశిక్షణ, పట్టుదల లోపించాయని ఎవరూ అనలేరు. లోపించింది నిలకడ గల పరీక్షా విధానం. ఉమ్మడి రాష్ట్రంలో 2011 తర్వాత గ్రూప్-1 ప్రకటన రాలేదు. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు వచ్చిన ప్రకటనకు అక్టోబరులో జరిగిన ప్రాథమిక పరీక్ష ప్రశ్నపత్రాల లీకేజీ వల్ల రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ జరిపిన పరీక్షను హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో పాత ప్రకటన పోయి 563 పోస్టులతో కొత్త ప్రకటన వచ్చింది. 2022లో ఇరవై ఎనిమిదేళ్లున్న అభ్యర్థి ప్రధాన పరీక్ష రాసేసరికి ముప్ఫైకి చేరాడు. ఆలస్యపు ఖర్చు అందరికీ ఒకటి కాదు. నగరంలో సొంత ఇల్లున్న అభ్యర్థికి రెండేళ్ల వాయిదా అంటే రెండేళ్లే. ఊళ్లో ఎకరం అమ్మి గది అద్దె కడుతున్నవాడికి అది మరో ఎకరం. అమ్మాయిల విషయంలో ఆ రెండేళ్లలో ఇంటినుండి వచ్చే పెళ్లి ఒత్తిడి కూడా లెక్కలోకి వస్తుంది.

2024 అక్టోబరులో ఏడు రోజులపాటు ప్రధాన పరీక్షలు జరిగాయి. తెలుగు, ఆంగ్లం, ఉర్దూ మాధ్యమాలలో దేనిలోనైనా రాయవచ్చునన్నది నిబంధన. 1921లో గాని, 1948లో గాని ఊహకందని సమానత్వం అది. మూడు భాషలూ ఒకే వరుసలో నిలిచాయి. ఫలితాలు వెలువడ్డాక, తెలుగులో రాసినవారి జవాబుపత్రాలు దిద్దడంలో సమన్యాయం జరగలేదన్న అభ్యంతరం, మరికొన్ని అభ్యంతరాలతో కలిసి హైకోర్టుకు చేరింది. 2025 సెప్టెంబరు 9న ఏకసభ్య ధర్మాసనం ఫలితాలను పక్కనపెట్టి తిరిగి దిద్దించాలని ఆదేశించింది. ఆ నెలలోనే డివిజన్ బెంచ్ ఆ తీర్పును నిలుపుదల చేసింది. ఆ అభ్యంతరంలోని నిజానిజాలు న్యాయస్థానం తేల్చవలసినవి. అయితే తెలుగులో రాయడం తనకు నష్టమేమోనన్న అనుమానం అశోక్‌నగర్‌లో ఎంత బలంగా ఉందో, దానివల్ల ఎందరు మధ్యలో ఆంగ్ల మాధ్యమానికి మారుతున్నారో తెలుసుకోవడానికి క్షేత్ర పరిశోధన అవసరం. తీర్పు ఏదైనా, ఆ అనుమానం అప్పుడే అభ్యర్థుల నడవడిని మారుస్తుంది. 1920లలో పట్టణ తెలుగువారు ఇంటి బయట ఉర్దూ ఎందుకు మాట్లాడారో అర్థం చేసుకోవడానికి ఇదొక దారి.

2022–23 విద్యాసంవత్సరం నుండి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో ఆంగ్ల మాధ్యమం మొదలైంది. దళిత, బహుజన తల్లిదండ్రులలో అధికులు దానిని ఆహ్వానించారు. భాషాభిమానులలో పలువురు ఆక్షేపించారు. ఆక్షేపించినవారి పిల్లలు ఏ మాధ్యమంలో చదివారన్న ప్రశ్న సభల్లో వినిపిస్తూనే ఉంది, దానికి సూటి జవాబు అరుదు. 1928లో కొడుకును ఉర్దూ బడికి, కూతురిని తెలుగు బడికి పంపిన నారాయణగూడ తండ్రి వేసుకున్న లెక్కే, 2022లో ఇద్దరినీ ఆంగ్ల బడికి పంపిన పాలమూరు తల్లి వేసుకుంది. ఆ ఆంగ్ల మాధ్యమ బడులలో తొలి తరగతులు చదువుతున్న పిల్లలు చిక్కడపల్లి గ్రంథాలయం గేటు దగ్గరికి చేరేది 2035 తర్వాత. అప్పటికి ఏ భాషకు కొలువు ఉంటుందో, వారి ఇంటి మాటను ఎవరు ఏమంటారో ఆ తల్లికి తెలియదు.